మధుమేహమూ, మనం మరచిన గట్కా

మొన్న ఫాల్గుణ మాసంలో కరీంనగర్ ముకరంపురా నుండి ఒక విశ్రాంత ఉద్యోగి మా వైద్యశాలకు వచ్చారు. పన్నెండు సంవత్సరాలుగా మధుమేహంతో బాధపడుతున్నారు. కూర్చుంటూనే చేతిసంచిలోని వస్తువులను ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టారు. ఇసబ్గోల్ పొట్టు డబ్బా ఒకటి, ఓట్స్ పొట్లాలు రెండు, ఏదో ప్రకటన చూసి తెప్పించుకున్న ఫైబర్ చూర్ణం ఒకటి.

"అయ్యగారూ, డాక్టరు పీచు ఎక్కువ తినమన్నడు. వీటిల ఏది మంచిదో మీరు చెప్పాలె" అన్నారు.

"మధ్యాహ్నం ఏమి భుజించారు?" అని అడిగాను.

"అన్నమే."

"రాత్రికి?"

"జెర తగ్గించిన గని, అన్నమే."

"మీ నాయనగారు ఏమి తినేవారు?"

ఆయన నవ్వారు. ఆ నవ్వులో కొంత సిగ్గు కనిపించింది. "మక్క గట్కనే అయ్యగారూ. ఇప్పుడు గట్క ఎవలు తింటరు?"

ఈ వ్యాసం ఆయన ప్రశ్నకు సమాధానం. ఆయనకు ఆనాడు అయిదు నిమిషాలలో చెప్పిన దానినే పాఠకులకు కొంత విస్తరించి విన్నవిస్తున్నాను.

నేటి యువతరానికి గట్క అంటే తెలియకపోవచ్చును. జొన్నలనో మక్కలనో ఇసుర్రాతిలో రవ్వగా విసిరి, మరుగుతున్న ఎసట్లో పోసి, తెడ్డుతో కలుపుతూ గట్టిగా ఉడికించిన పదార్థమే గట్క. పైన మజ్జిగ గాని, పచ్చిపులుసు గాని, పప్పు గాని పోసుకొని తింటారు. కరీంనగర్ పల్లెలలో మక్క గట్క, ఆదిలాబాదు వైపు జొన్న గట్క, జొన్నరొట్టె. అన్నం పండుగకు, చుట్టాలకు, బాలింతకు. నేను 1970 దశకంలో ధర్మపురిలో గోదావరి ఒడ్డున గురువుగారి ఇంట విద్య నేర్చుకున్న రోజులలో ఆ ఇంట కూడా వారంలో నాలుగు దినాలు రొట్టెయే. రోగి వస్తే గురువుగారు నాడి పట్టుకొనక ముందే ఒక ప్రశ్న వేసేవారు: "ఇంట్లో ఏ గింజ వండుతున్నారు?" ఆ ప్రశ్న ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు నేనూ అదే ప్రశ్నతో మొదలుపెడతాను.

ఈ గింజ మన ఇళ్ళ నుండి ఎట్లా వెళ్ళిపోయినదో కూడా చెప్పవలసి ఉన్నది. పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగినది. కాకతీయ కాలువ నీళ్ళు కరీంనగర్ జిల్లాకు వచ్చినవి. 1985లో దిగువ మానేరు జలాశయం పూర్తి అయినది. నీరు వచ్చిన చోట వరి వచ్చినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చి, కాలువ లేని ఊరికి సైతం తెల్లని అన్నం చేరినది. ఆదిలాబాదులో మెట్టచేలను చాలామటుకు పత్తి ఆక్రమించినది. 2025 ఉగాది నుండి మన రాష్ట్రంలో చౌకధరల దుకాణాలలో సన్నబియ్యమే ఇస్తున్నారు.

దీనిని నేను నిందించడం లేదు. ఆకలి అంటే ఏమిటో చూసిన తరం మాది. గంజితో కడుపు నింపుకున్న తల్లులకు అన్నం దొరకడం చిన్న విషయం కాదు. అయితే పేదరికంతోపాటు గట్కను కూడా గడప బయట పెట్టి తలుపు వేసుకున్నాము. అది లేమికి గుర్తు అనుకున్నాము గాని, అందులో ఒక రక్షణ ఉన్నదని గుర్తించలేదు. ఉట్నూరు ప్రాంతానికి నేను అప్పుడప్పుడు వెళుతుంటాను. గోండుల ప్రధాన ఆహారం జొన్న. మార్లవాయిలో నివసించి వారి జీవనాన్ని గ్రంథస్థం చేసిన హైమెన్‌డార్ఫ్ పండితుడు 1940 దశకంలో చూసినది ఆ జొన్నచేల జీవనమే. నేడు అదే ప్రాంతంలో యాసంగి జొన్న పండించి బస్తాలు అంగడికి తోలి, ఇంట రేషన్ బియ్యం వండుకుంటున్న కుటుంబాలను నేను స్వయంగా చూశాను. మధుమేహం పట్టణవాసుల రోగమనే మాటకు కాలం చెల్లినది. భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ఫలితాలు 2023లో వెలువడినవి. దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి, అనగా వయోజనులలో నూటికి 11 మందికి పైగా, మధుమేహం ఉన్నదని అందులో తేలినది.

ఇక పీచు సంగతి. పీచు అనేది మన జీర్ణరసాలకు లొంగని ఆహారభాగం. అందులో రెండు రకాలున్నవి. నీటిలో కరిగి జిగురుగా మారేది ఒకటి. ఇది అన్నకోశంలోని ఆహారాన్ని నెమ్మదిగా ముందుకు పంపుతుంది. ప్రేగులలో చక్కెర రక్తంలోనికి ఒక్కసారిగా దూకకుండా అడ్డుకుంటుంది. మెంతులు, పప్పుధాన్యాలు, చిక్కుడుజాతి కూరలలో ఇది విశేషంగా ఉంటుంది. కరగనిది రెండవది. గింజల పైపొరలలో, ఆకుకూరలలో ఉంటుంది. మలానికి పరిమాణం ఇచ్చి కోష్ఠాన్ని శుద్ధిచేస్తుంది. కొద్ది తిండితోనే కడుపు నిండిన తృప్తినిస్తుంది. పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి మేలుచేసే ఆమ్లాలను తయారు చేస్తాయని కూడా ఆధునికులు కనుగొన్నారు.

లెక్క చూడండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారి పట్టికల ప్రకారం నూరు గ్రాముల మరపట్టిన బియ్యంలో పీచు 3 గ్రాములకు లోపే. అదే నూరు గ్రాముల జొన్నలలో 10, సజ్జలలోను తైదలలోను 11, మక్కలలో 12, బార్లీలో 15 గ్రాములకు పైగా. పొట్టుతో ఉన్న పెసర్లలో 17. మనిషికి రోజుకు కావలసినది సుమారు 30 నుండి 40 గ్రాములు. మూడు పూటలా కలిపి 350 గ్రాముల బియ్యం తినే వ్యక్తికి ఆ బియ్యం నుండి దక్కేది 10 గ్రాములు మాత్రమే. అందులో 120 గ్రాములు తీసివేసి అంతే తూకం జొన్నరవ్వ వండుకుంటే 9 గ్రాములు అదనంగా వస్తాయి. ఒక గుప్పెడు, అనగా 50 గ్రాముల పెసర్లు గుగ్గిళ్ళుగా తింటే మరో 8 గ్రాములు. దానికి తగినంత బియ్యాన్ని ఇంకా తగ్గించుకోవాలని వేరే చెప్పనక్కరలేదు. రెండు పూటలా గిన్నెడు కూర తింటే లెక్క సరిపోతుంది. ఇసబ్గోల్ పొట్టు ఒక పెద్ద చెంచాకు వచ్చేది 4 గ్రాములు. అది పనికిరానిదని నేను అనను. మలబద్ధకం ఉన్నవారికి నేనే ఇస్తాను, చక్కెరనూ కొవ్వునూ కొంత తగ్గిస్తుందని పరిశోధనలూ ఉన్నవి. కాని మూడు పూటలా తెల్లన్నం తిని, రాత్రి ఒక చెంచా పొట్టు మింగి, పీచు తిన్నామనుకోవడం ఆత్మవంచన. ఓట్స్‌లో కూడా నూటికి సుమారు 10 గ్రాముల పీచే. మన జొన్నలో ఉన్నంత. ధర మాత్రం అంగట్లో అడిగి చూడండి.

మన శాస్త్రం ఏమి చెప్పినదంటే, చరకాచార్యులు ప్రమేహాలను ఇరవైగా విభజించారు. కఫజములు పది, పిత్తజములు ఆరు, వాతజములు నాలుగు. సుఖాసనం, అతినిద్ర, పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు మొదలైన కఫాన్ని పెంచే సమస్తమూ కారణాలని నిదానం చెప్పారు. రోగికి ప్రధానాహారంగా యవలను, అనగా బార్లీని విధించారు. త్రిఫలా కషాయంలో రాత్రి నానబెట్టిన యవలను వాడే విధానం కూడా అక్కడ ఉన్నది. సుశ్రుతాచార్యులైతే పేదరోగిని నూరు యోజనాలు నడవమన్నారు, బావులు తవ్వమన్నారు. ఇవి చూపించి మా వృత్తిసోదరులు కొందరు "పీచు సంగతి మా ఋషులు ఏనాడో చెప్పినారు" అని సభలలో చప్పట్లు కొట్టించుకుంటారు. అది నాకు రుచించదు. ఋషులు పీచు అనే మాట చెప్పలేదు. వారు ఏ గింజ తిన్నవాడు ఏమయ్యాడో కళ్ళు తెరచి చూశారు, అంతే. అది చాలు. యవలు మన నేలలో అరుదు. రూక్షగుణం, పైపొర, నమిలి తినవలసిన గట్టిదనం, ఈ మూడింటినీ బట్టి ఈ ప్రాంతంలో వాటి స్థానాన్ని జొన్న పూరించగలదని నా అభిప్రాయం. సంస్కృతంలో దానికి యావనాలమని పేరు.

విదేశీయులు సైతం ఇదే తీరున, మనుషుల తిండిని చూసే మొదలుపెట్టారు. ఉగాండాలో పనిచేసిన బర్కిట్ అనే శస్త్రవైద్యుడు, అక్కడే పనిచేసిన ట్రోవెల్ అనే వైద్యుడు, ముతక తిండి తినే ఆఫ్రికా గ్రామీణులలో కనిపించని రోగాలు తమ దేశంలో ఎందుకున్నాయని ఆలోచించి, 1970 దశకంలో పీచు ప్రాముఖ్యాన్ని లోకానికి చాటారు. 2000 సంవత్సరంలో అమెరికాలోని డల్లాస్ వైద్యులు ఒక పరీక్ష ఫలితాన్ని ప్రకటించారు. పదముగ్గురు మధుమేహ రోగులకు ఆరేసి వారాల చొప్పున ఒకసారి రోజుకు 24 గ్రాముల పీచు, మరొకసారి 50 గ్రాముల పీచు ఉన్న భోజనం పెట్టారు. పొడులు కావు. కూరలు, పండ్లు, గింజలు మాత్రమే. ఎక్కువ పీచు తిన్న వారాలలో భోజనానికి ముందు చూసిన రక్తంలోని చక్కెర సగటున 13 మిల్లీగ్రాములు తక్కువగా ఉన్నది. కొవ్వు కూడా తగ్గినది. పరీక్ష చిన్నది, నిజమే. ఫలితం కూడా అద్భుతం కాదు. మాత్ర చేసే పని మొత్తం పీచు చేయదు, మాత్రకు తోడు నిలుస్తుంది. నేను ఆశించేది అంతే, పాఠకులూ అంతకు మించి ఆశించవద్దని మనవి.

ఈ మాట నొక్కి చెప్పడానికి కారణం ఉన్నది. సుమారు ఇరవై అయిదు సంవత్సరాల క్రితం నా వద్దకు ఒక ఉపాధ్యాయుడు వచ్చేవారు. ఉదయం, సాయంత్రం చక్కెర తగ్గించే ఇంగ్లీషు మాత్రలు వేసుకునేవారు. నేను వయసులో ఉన్న ఉత్సాహంతో మధ్యాహ్నం గట్క, రాత్రి కేవలం కూరలు, మజ్జిగ అని కఠిన పథ్యం విధించాను. మాత్రల సంగతి అడగలేదు. వారి డాక్టరుతో మాట్లాడలేదు. నాలుగవనాడు తెల్లవారుజామున ఆయనకు చెమటలు పట్టి, మాట తడబడి, మంచం పక్కన పడిపోయారు. ఇల్లాలు తెలివిగలది గనుక చక్కెర నీళ్ళు త్రాగించి బ్రతికించింది. తప్పు గట్కది కాదు, మాత్రలది కాదు, నాది. పిండిపదార్థం సగమై మాత్ర మాత్రం అట్లాగే ఉంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఆనాటి నుండి మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారికి ఆహారం మార్చే ముందు వారి డాక్టరుకు చెప్పి రమ్మంటాను. మోతాదు తగ్గించవలసినది ఆయనే, నేను కాదు. గట్క తింటున్నాము గదా అని మాత్రలు మానమని ఎవరైనా చెబితే, వారు వైద్యులైనా సరే, ఆ గడప తొక్కవద్దు. పిల్లలలో వచ్చే మధుమేహానికి ఇన్సులిన్ తప్ప గత్యంతరం లేదు.

రోగిని బట్టి పథ్యం. చరకాచార్యులు ప్రమేహరోగులను స్థూలుడు, కృశుడు అని రెండుగా చూడమన్నారు. స్థూలుని తగ్గించాలి, కృశుని పోషించాలి. బక్కచిక్కి, బరువు తగ్గుతూ వచ్చిన వానికి రాత్రి భోజనం మాన్పించి కేవలం ముతకగింజలు పెడితే అపకారమే జరుగుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, భోంచేసిన గంటల తరబడి కడుపు బరువుగా ఉండి వాంతి వచ్చేవారు వైద్యుని అడిగిన తరువాతనే పప్పులు, కూరలు పెంచాలి.

మరొక భ్రమ. జొన్నలోనూ ఉన్నది ప్రధానంగా పిండిపదార్థమే. ఒక పెద్దమనిషి "రొట్టె తింటే షుగర్ రాదు గదా" అని పూటకు అయిదు జొన్నరొట్టెలు తిని, చక్కెర తగ్గలేదని నా మీద కోపించారు. గట్క అయినా రొట్టె అయినా కొలత కొలతే. అట్లాగే మన వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు రూపొందించిన తెలంగాణ సోనా బియ్యాన్ని వ్యాపారులు షుగర్ రోగుల బియ్యమని అమ్ముతున్నారు. మామూలు బియ్యం కన్నా అది చక్కెరను నెమ్మదిగా పెంచుతుందన్నది నిజం. కాని మరపట్టితే దాని పైపొర కూడా పోతుంది. ఎంతైనా తినవచ్చునన్న ధీమాతో ఒక ముద్ద ఎక్కువ తింటే లాభం అక్కడికక్కడే ఖర్చవుతుంది.

గృహిణులకు కొన్ని మాటలు. జొన్నలు పట్టించి తెచ్చిన పిండిని సన్నజల్లెడ పట్టవద్దు. రొట్టె తెల్లగా రావాలని జల్లెడలో పైన మిగిలిన పొట్టును పశువులకు వేస్తున్నారు. మీరు వైద్యుని వద్దకు వెతుక్కుంటూ వచ్చినది ఆ పొట్టు కోసమే. గట్కకు రవ్వ ముతకగా ఉండాలి. గంటసేపు నానబెట్టి, గ్లాసు రవ్వకు నాలుగు గ్లాసుల నీళ్ళ చొప్పున సన్నసెగ మీద ఉడికించాలి. అడుగు అంటకుండా కలుపుతుండాలి. మొదటివారం ఒక్క పూట, అదీ చారెడు మాత్రమే. అలవాటు లేని కడుపుకు ఒక్కసారిగా పెడితే ఉబ్బరం, అపానవాయువు తప్పవు, "గట్క పడదు" అని మానేస్తారు. రెండు మూడు వారాలలో నెమ్మదిగా పెంచాలి. నీరు చాలినంత త్రాగాలి. తోడుగా గోరుచిక్కుడు, చిక్కుడు, పుంటికూర, తోటకూర, గంగవాయిలి కూర, బబ్బెర్లు, అనుములు. రాత్రి నానబెట్టిన చెంచాడు మెంతులు. బత్తాయి రసం పిండి పిప్పి పారవేయడం కన్నా తొనలు నమలడం మంచిది. అన్నిటికన్నా జామకాయ మేలు, గింజలతో సహా. ఉలవచారు కాచి, ఉడికిన ఉలవలను బర్రెకు పెట్టడం మన ఆచారం. పీచు పరంగా చూస్తే ఆ ఇంట బర్రెయే పథ్యం పాటిస్తున్నది.

నా అనుభవంలో పథ్యం విఫలం కావడానికి పెద్ద కారణం నాలుక కాదు, రెండు గిన్నెలు. యజమానికి వేరే గట్క, తక్కినవారికి అన్నం. రెండు పొయ్యిల చాకిరీ చేసి ఇల్లాలు అలసిపోతుంది, తన ఎదుట మనుమలు అన్నం తింటుంటే యజమాని మనసు అటే పోతుంది, నెల తిరగకుండా పాత పద్ధతి వచ్చేస్తుంది. పైగా మధుమేహం కుటుంబంలో ఒకరికి వస్తే తక్కినవారికీ ముప్పు ఉన్నట్లే. అందుచేత రోజుకు ఒక పూట ఇంటిల్లిపాదికీ ఒకే గిన్నె అని నేను పట్టుబడతాను. అందరి తరువాత మిగిలినది తిని, పరీక్ష చేయించుకొనక, తన చక్కెర ఎంతో తెలియక తిరుగుతున్న ఆ ఇల్లాలికి కూడా ఆ గిన్నె అవసరమే.

ఇంట రక్తపరీక్ష యంత్రం ఉన్నవారు నా మాటను నమ్మనక్కరలేదు. ఒకనాడు మీరు మామూలుగా తినే అన్నం, మరొకనాడు అంతే తూకం రవ్వతో వండిన గట్క, అదే కూరతో, అదే వేళకు తినండి. రెండు గంటల తరువాత చూసి కాగితం మీద వ్రాసుకోండి. రెండు మూడుసార్లు చేయండి. అందరికీ ఒకే తేడా రాదు. మీకు వచ్చిన అంకెను బట్టి మీ కొలత మీరు నిర్ణయించుకోవచ్చును, దానిని మీ డాక్టరుకూ చూపవచ్చును.

ముకరంపురా వారు తమ డాక్టరుతో మాట్లాడి, పొట్లాలు పక్కన పెట్టి, మధ్యాహ్నం పూట మక్క గట్క మొదలుపెట్టారు. మూడు నెలల సగటు పరీక్ష ఇంకా చేయించవలసి ఉన్నది గనుక ఫలితం గురించి ఇప్పుడే ఏమీ చెప్పను. గతవారం ఆయన, భార్య ఇద్దరూ వచ్చారు. ఆమె తనకూ పరీక్ష చేయించుకున్నదట, చక్కెర హద్దు మీద ఉన్నదట. "ఇద్దరం గట్కనే తింటున్నం అయ్యగారూ" అన్నది. ఆ తరువాత కొంచెం తటపటాయించి, "చుట్టాలొచ్చిన దినం మాత్రం గట్క గిన్నె లోపల్నే పెడ్తున్న. బియ్యం లేక తింటున్నరనుకుంటరేమోనని" అన్నది.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం మీ ఇంటికి భోజనానికి వస్తాను, నాకు గట్కయే వడ్డించండి, చుట్టాలను కూడా పిలవండి అని చెప్పి పంపాను.